నగ్లా అని రాసింది నేనే

సివిల్ కోర్టు, దుమ్యాత్, ఈజిప్టు. 2023 మే 14, ఆదివారం, ఉదయం 11.20. ప్రతివాది కంపెనీ వకీలు ఉస్తాజ్ రఊఫ్ కోరిక మీద జడ్జిగారు వాదిని విచారించగా వాది చెప్పినది.

నా పేరు అవద్. తండ్రి పేరు బద్రావీ షిర్బీనీ. వయసు నలభై ఏడు. చెక్కడం పని చేస్తాను. కుర్చీల వెనక చెక్కల మీద, మంచాల తలాపుల మీద ఆకులూ పువ్వులూ చెక్కుతాను. కార్ఖానా మా ఇంటి కిందనే. పైన నేను, నా భార్య ఇన్సాఫ్, మా అబ్బాయి మెహ్రిజ్, మా అమ్మ ఉంటాం.

2022 సెప్టెంబరు 11, ఆదివారం, సాయంత్రం 4.25కి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. రేషన్ కార్డు ఆగిపోతుందని, కింది లింకు నొక్కి వివరాలు నింపమని ఉంది. ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. నొక్కాను. గుర్తింపు కార్డు రెండు వైపులా ఫోటో తీసి పెట్టాను. నంబరు రాశాను. తల్లి పేరు అని ఒక గడి ఉంది. అందులో నగ్లా అని రాశాను.

నా భార్య పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తొంగి చూసి, "నగ్లా ఎవరు, మెహ్రిజ్ నాన్నా?" అంది.

"నీ పని చూసుకో" అన్నాను.

వాళ్ల అన్నకి ఎలా నింపాలో చూపిస్తానని తన ఫోనుతో నా ఫోను తెరని ఫోటో తీసుకుంది.

అమ్మ అసలు పేరు ఎందుకు రాయలేదని జడ్జిగారు అడిగారు. చెబుతున్నాను. మాలో మగవాడు తల్లి పేరు బయట పలకడు. ఆరో తరగతిలో నా కాగితాలు ఒక అబ్బాయి చేతిలో పడ్డాయి. అమ్మది పల్లెటూరి పేరు. వారం రోజులు దాని మీద పాట కట్టి పాడారు. ఆ తర్వాత ఎవరడిగినా నగ్లా అన్నాను. పుట్టిన కాగితంలో, పెళ్లి కాగితంలో తప్ప అన్నిచోట్లా నగ్లాయే. మా వీధిలో ఆమెను అందరూ అవద్ అమ్మ అంటారు. అందుకని ఇంతకాలం ఎవరికీ తెలియలేదు.

2022 అక్టోబరు 3న నా కార్డు ఫోటోతో ఎవరో నా పేరు మీద సిమ్ తీసుకున్నారు. అదే రోజు ప్రతివాది కంపెనీ దగ్గర నాలుగు ఏసీ మిషన్లు వాయిదాల మీద కొన్నారు. ఒప్పందం మొత్తం ఫోనులోనే జరిగింది. సంతకం తెర మీద వేలితో గీశారు. ఆ సంతకం నాది కాదు. సరుకు మన్సూరాలో ఒక అద్దె గోదాముకి వెళ్లింది. నేను అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు.

వాయిదాలు ఒక్కటీ కట్టలేదని 2023 ఫిబ్రవరి 19న కోర్టు ఉద్యోగి వచ్చి కార్ఖానా తలుపు మీద జప్తు నోటీసు అంటించాడు. రంపం మిషను, రెండు లేత్ మిషన్లు, ఉలులతో సహా రాసుకున్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్లాను. "దొంగ దొరికేదాకా మా కేసు దాని మానాన అది నడుస్తూ ఉంటుంది. ఒప్పందం కొట్టేయించుకోవాలంటే సివిల్ కోర్టుకి వెళ్లు" అన్నారు.

నా వకీలు ఉస్తాజా నాహిద్ దావా వేశారు. ఒప్పందం నాది కాదని ప్రకటించాలి, జప్తు ఆపాలి, బాకీదారుల జాబితాలోంచి నా పేరు తీసేయాలి, సరిగా చూసుకోకుండా సరుకిచ్చినందుకు కంపెనీ పరిహారం ఇవ్వాలి. తీర్పు దాకా జప్తు ఆపారు.

ఏప్రిల్ 2న కంపెనీ వాళ్లు ఒప్పందం నాటి తమ ఫోను రికార్డు ఇక్కడ వినిపించారు. అమ్మాయి గొంతు "తల్లి పేరు?" అని అడిగింది. మగ గొంతు వెంటనే "నగ్లా" అంది. వెనక బెంచీలో మా అమ్మ "నగ్లా ఎవతే?" అని ఇన్సాఫ్‌ని పైకే అడిగింది.

బయటికి వచ్చాక ఉస్తాజా నాహిద్ నవ్వారు. "ఇదే మన కేసు అవద్. కన్నతల్లి పేరు తెలియని కొడుకు ఉంటాడా?" అన్నారు. 

అమ్మ రొట్టెల వరసలో నిలబడి అందరికీ చెప్పింది. "వెధవకి మా వాడి కార్డు దొరికింది, నంబరు దొరికింది. నా పేరు మాత్రం దొరకలేదు" అని. రోజూ చెప్పింది. నేను ఇరవై ఎనిమిది రోజులు నిజం బయటపెట్టలేదు.  ద్రాక్షాకు చెక్కబోయి మూడు పలకలు పాడుచేశాను.

ఏప్రిల్ 30న ఉస్తాజ్ రఊఫ్ మా చెక్కడం పనివాళ్ల సంఘంలో నేను 1998లో పెట్టిన దరఖాస్తు తెచ్చారు. తల్లి పేరు నగ్లా అని ఉంది. "ఈ రాత నీదేనా?" అన్నారు. నాదే అన్నాను. "అయితే ఆ ఫోనులో మాట్లాడింది కూడా నువ్వేగా?" అన్నారు. ఆ రోజు మోకాళ్ల నొప్పితో అమ్మ రాలేదు.

మెట్ల మీద ఉస్తాజా నాహిద్, "నన్ను నీళ్లలోకి దింపి నువ్వు గట్టున నిలబడ్డావు" అన్నారు.

ఇంటికి వెళ్లాక ఇన్సాఫ్ ఫోను నా ముందు పెట్టింది. "ఆ ఫోటో ఉంది. ఇచ్చెయ్" అంది.

"ఇస్తే అమ్మకి తెలుస్తుంది."

"ఇవ్వకపోతే మిషన్లు పోతాయి. అవి మోసుకెళ్లేటప్పుడు అడగదా ఎందుకని?"

ఆ ఫోటో ఈ రోజు కోర్టులో పెట్టాను. తేదీ ఉంది, సమయం ఉంది. పేజీ చిరునామా ఉంది. దొంగ పేజీలని పోలీసులు ఇచ్చిన జాబితాలో అదే చిరునామా ఉంది. గడిలో నగ్లా అని ఉంది. దొంగకి ఆ పేరు వచ్చింది నా దగ్గరి నుంచే.

అసలు పేరు చెప్పమని ఉస్తాజ్ రఊఫ్ అడిగారు. చీటీ మీద రాసిస్తానన్నాను. జడ్జిగారు ఒప్పుకున్నారు. మొదటి అక్షరం రాశాను. వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది: "వాడేం రాస్తున్నాడే?" కలం కింద పెట్టాను. షలబియా అన్నాను. వినపడలేదని గుమాస్తా అన్నాడు. మళ్లీ అన్నాను. షలబియా.

(గుమాస్తా గమనిక: వాది తల్లి లేచి నిలబడి, "షలబియా. బాగా రాసుకో నాయనా. మా నాన్న పేరు కూడా కావాలా?" అన్నారు. కూర్చోమని చెప్పాం.)

ఆ సంతకం నాది కాదు. నగ్లా అన్న పేరు మాత్రం నేనిచ్చిందే.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒక్క మాటా మార్చమని అడగలేదు, ఒక్కటి మాత్రం కలపమన్నాను: అమ్మ ఇంకా కూర్చోలేదు. దానికీ కేసుకీ సంబంధం లేదని గుమాస్తా అన్నాడు. రాయమని నేనే అడిగాను. నేను చెప్పింది నిజం, నాకు తెలిసి ఏదీ దాచలేదు.

(సంతకం) అవద్ బద్రావీ షిర్బీనీ
మధ్యాహ్నం 12.05