కూలర్ పైపుకి కట్టిన గుడ్డ

అది కాదు బావా, నేనొచ్చి ఇంతసేపైంది, నువ్వు తలెత్తకుండా ఆ గేర్‌బాక్సుకి తాడు చుట్టుకుంటూ కూర్చుంటే నేనెవరితో మాట్లాడను? నీ షెడ్డులో పడున్న ఈ పాత ఇంజన్లతోనా? నీ బావమరిదిని, దారినపోయేవాణ్ణి కాదు. కాస్త ఇటు చూడు.

సరే, చూడకు. చెవులైతే ఉన్నాయిగా.

నువ్వమ్మిన ఆ మొదటి గేర్‌బాక్సు నేను ఎక్కించాక మా వీధి టీచరమ్మ కారు నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. అయిదో రోజు మొదలైంది. వేడెక్కితే చాలు, గేరు పడదు. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఉన్నట్టుండి వెనకనించి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపు!

వాళ్ళ నాన్నని వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తీసుకెళ్ళే బండి అది. వంతెన ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు ఆ పెద్దాయన్ని లారీలో ఎక్కించుకుని ఆస్పత్రిలో దింపాడట. నాకు ఒళ్ళు మండదూ?

నిజం చెప్పు, నేను చూడాల్సినవి చూడలేదా? ఇంజను వేడి మీద ఉండగా గేర్‌బాక్సు ఆయిల్ కొలిచాను, సరిగ్గానే ఉంది. దానికి పోయాల్సిన ఆయిలే పోశాను. వైర్లన్నీ ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. కారు కంప్యూటర్ నేర్చుకున్న పాత బాక్సు అలవాట్లు చెరిపేశాను. ఇన్ని చేశాక ఇంకేమనుకోవాలి? బాక్సే చెడ్డదనుకున్నాను.

అనుకుని ఊరుకున్నానా! వీధిలో పదిమంది ముందు... అవును, అన్నాను. "చచ్చిన బాక్సు అంటగట్టాడు, దొంగ" అన్నాను. అక్క ఆరోజు నించీ నా ఫోను ఎత్తట్లేదు.

ఏంటా చూపు? వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

నా పద్ధతి నీకు తెలుసు కదా. పని మిగిలిన చోటల్లా ఎర్ర గుడ్డ కడతాను. పనయ్యాకే విప్పుతాను. బోనెట్ మూసేముందు ఎక్కడా గుడ్డ లేకపోతే బండి తయారైనట్టే. ఇరవయ్యేళ్ళలో ఒక్క నట్టు మర్చిపోలేదు బావా!

కారుతో వచ్చిన పాత బాక్సులో క్లచ్ ప్లేట్లు మాడిపోయాయి. ఆ మసంతా గేర్ ఆయిల్ని చల్లబరిచే కూలర్లో పేరుకుంటుంది. దాన్ని కడక్కుండా వేరే బాక్సు పెడితే, ఆ మసి నేరుగా దాన్లోకే పోతుంది. నాకు తెలియదా? తెలుసు కాబట్టే కూలర్ పైపుకి గుడ్డ కట్టాను.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ వాళ్ళ నాన్నని తీసుకుని వచ్చింది. ఆయన నిలబడలేకపోతున్నాడు. ఉన్న ఒక్క కుర్చీ నిండా గ్రీజు. చేతికందిన గుడ్డ లాగి, తుడిచి కూర్చోబెట్టాను.

ఎక్కణ్ణించి లాగానో చూసుకోలేదు.

మొన్న సోమవారం ఆ పైపు విప్పాను. నల్లటి బురద బావా, ట్రే నిండా! నీ బాక్సు బంగారం. దాన్ని చంపింది నేను. ఆడలేక మద్దెల ఓడన్నాను.

ఆగు. అసలు మాట ఇంకా గొంతులోనే ఉంది.

బుధవారం నువ్వు నా షెడ్డుకి వచ్చావు. అక్కకి, నాకూ మధ్య గొడవ పెరగడం ఇష్టంలేక టీచరమ్మతో "నా బాక్సే చెడ్డదమ్మా, ఇంకోటి ఇస్తాను" అన్నావు. చెయ్యని తప్పు నెత్తినేసుకున్నావు. ఆ ట్రే అప్పటికే నా బల్ల కింద ఉంది. గోనె కప్పి పెట్టాను. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడ్డాను. కాదు, అబద్ధం. "ఇప్పటికైనా ఒప్పుకున్నాడు" అన్నాను. నువ్వు విన్నావు.

తిట్టు బావా. కొట్టినా సరే. అలా ముడి మీద ముడి వేసుకుంటూ కూర్చోకు.

ఏంటి, బాక్సు తీసుకెళ్ళడానికి ఆటో తెప్పించావా? టీచరమ్మ వాళ్ళ నాన్నని రేపు మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి కదూ... మరి ఈ రెండో బాక్సు ఎక్కించడానికి వేరే మెకానిక్కుకి పంపిస్తున్నావా?

ఆఁ. మంచిదే.

బరువుగా ఉంటుంది, అటు కొస నేను పట్టుకుంటా.

వద్దా? సరేలే. నీ చోట నేనున్నా పట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.