నివురు

లూయిస్ దీవిలో, పాడుపడిన గడ్డికప్పుల ఇళ్లను బాగుచేసి జనానికి చూపిస్తున్న ఊరు అది. ఒక ఇంటి నడుమ ఉన్న పొయ్యిలో, కాపలా అమ్మాయి పీట్ గడ్డలు, అంటే బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు, రాజేయడానికి తంటాలు పడుతుండగా ఒక ముసలమ్మ లోపలికి వచ్చింది.

"తల జాగ్రత్త మామ్మగారూ, గుమ్మం పొట్టిది."

"నాకా చెప్తున్నావ్? నేను పుట్టిందే ఈ ఇంట్లో. ఏంటే ఆ చేతిలో?"

"అగ్గిపెట్టె. రోజూ పొద్దున్నే ఇదే తిప్పలు, ఓ పట్టాన అంటుకోదు."

"రోజూ వెలిగిస్తున్నావా? అంటే రోజూ ఆర్పేస్తున్నావన్నమాట!"

"గడ్డికప్పు కదా, భయమేసి సాయంత్రం నీళ్లు చల్లి వెళ్తాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మా అమ్మ కాపురానికొచ్చిన రోజు నుంచి మేం ఇల్లు వదిలిన రోజుదాకా ఈ పొయ్యి ఆరలేదు."

"మరి రాత్రిళ్లు?"

"నిప్పుల్ని దగ్గరకు లాగి, పైన నివురు కప్పి, ఓ మాట చెప్పి పడుకునేది. నివురు కింద నిప్పు ఎటూ పోదు. పొద్దున ఊదితే లేచేది."

"ఏం మాట అది?"

"గేలిక్‌లోలే, ఈ దీవి పాత భాష. నీకేం అర్థమవుతుంది?"

"బడికెళ్లి నేర్చుకుంటున్నాను మామ్మగారూ. మా ఇంట్లో ఆ భాష మా నాయనమ్మతోనే పోయింది."

"ఆవిడా నీళ్లు చల్లే వెళ్లిందన్నమాట."

"అందుకే అడుగుతున్నా. సాయంత్రం దాకా ఉండి ఆ మాట నేర్పరూ?"

"ఉంటాలే. ముందు ఆ అగ్గిపెట్టె ఇలా ఇయ్యి."

"మీరు వెలిగిస్తారా?"

"ఇవాళ్టికి వెలిగిస్తాను. రేపట్నుంచి నీకు దీంతో పనిలేదు."