టపా డబ్బాను నమ్మొచ్చునా

1949లో ఒక పొద్దున చిలుకూరులో, టపా బంట్రోతు సైకిల్ దిగి ఒక ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ ఇంటి ఇల్లాలు ఒళ్లో పసిబిడ్డతో బయటికి వచ్చింది.

“చెల్లె, కోదాడ నుంచి నీకు ఉత్తరమొచ్చింది. రాసినోళ్ల పేరు లేదు.”

“నేనే రాపిచ్చిన అన్నా. మొన్న అంగడికి పోయినప్పుడు పంతులుతోని రాపిచ్చి, గాడ టపా డబ్బాల ఏసిన.”

“నీకు నువ్వే రాసుకున్నవా! ఎందుకు?”

“డబ్బాల ఏసింది నిజంగ ఇల్లు చేరుతదో లేదో సూద్దామని. అంటిచ్చిన కాడ జర సూడు, ఎవరన్న ఇప్పిన్రా?”

“ఇప్పితే నా నౌకరి ఖతమైతది.”

“అయితే ఇప్పుడు నువ్వే ఇప్పి సదువు.”

“‘ఈ ఉత్తరం తెచ్చిన ఆయనకు చల్ల ఇవ్వవలెను.’ గింతేనా?”

“గింతే. ఇంద, సల్ల తాగు.”

“ఇగ నమ్మకం కుదిరిందా?”

“కుదిరింది. ఇదిగో, అసలు ఉత్తరం ఇది. జైల్ల ఉన్న మా ఆయనకు పోవాలె. బిడ్డ పుట్టి నెల దాటింది, ఆయనకింకా తెల్వదు.”

“నేనైతే భద్రంగ పంపుత. కానీ చెల్లె, జైలోళ్లు ప్రతి ఉత్తరం ఇప్పి సదివినంకనే లోపలికిస్తరు.”

“తెలుసన్నా. అందుకే ఉత్తరం పైన వాళ్లక్కూడ రెండు ముక్కలు రాపిచ్చిన.”

“ఏమని?”

“‘అయ్యా, బిడ్డకు తండ్రి పోలికలే వచ్చినయి. మీరు సదువుడైనంక ఆ సంగతి ఆయనకు గూడ జర తెల్వనియ్యిన్రి’ అని.”