తొమ్మిది మార్కుల కథ

బడి వదిలి గంటయింది. టీచర్ల గదిలో తెలుగు మాస్టారొక్కరే ఉన్నారు, సంచి భుజాన వేసుకుని, బయల్దేరబోతూ. గుమ్మానికి అడ్డంగా నిలబడింది తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పిల్ల నిన్న పొద్దున బడికని బయల్దేరింది, బడికీ రాలేదు, ఇంటికీ రాలేదు. మాస్టారు చెడ్డవారేం కాదు. కాకపోతే మొహమాటస్తుడి నోట అబద్ధం చాలా మెత్తగా వస్తుంది.

"మా పిల్ల రాసిన కథలో ఏముందో చెప్పండి మాస్టారూ. అంతే, ఇంకేం అడగను."

"అమ్మా, నూట నలభై రెండు కథలు దిద్దాను. ఒక్కొక్కటీ గుర్తుండాలంటే..."

"తొమ్మిది వేశారటగా. పదికి తొమ్మిది. హెడ్మాస్టరుగారు రిజిస్టరు తీసి చూపించారు. తరగతి మొత్తంలో ముగ్గురికే వచ్చింది."

"అవునవును. మంచి పిల్ల. బాగా రాస్తుంది."

"ఏం రాసింది?"

"ముందు మీరు కూర్చోండి. పోలీసులకి చెప్పారా?"

"చెప్పాం. ఫోటో తీసుకున్నారు. దాని పక్కన కూర్చునే పిల్లని అడిగాను. 'ఆంటీ, అది అంతా కథలో రాసేసింది, మాస్టారికే తెలుసు' అంది. ఆ కాగితాలు ఇప్పించండి, నేనే చదువుకుంటాను. కూడబలుక్కుని చదవగలను."

"కాగితాలు లేవమ్మా. పిల్లలకి ఒకరోజు చూపించి వెనక్కి తీసుకున్నాం. మార్కులు ఎక్కించాక పాత కాగితాలవాడికి వేసేశారు. మొన్న శనివారమే."

"అయితే ఇక మీరే దిక్కు. అది చదివింది మీరొక్కరేగా."

"ఇంట్లో ఏమన్నా గొడవ జరిగిందా?"

"ఏం గొడవ? ఏం లేదు."

"ఏం లేకుండా పిల్ల ఊరికే..."

"ఏం లేదన్నాగా. మీరు కథ చెప్పండి."

"గుర్తు చేసుకోనివ్వండి."

"మాస్టారూ, రోజుకి ఎనభై చొక్కాలు ఇస్త్రీ చేస్తాను నేను. ఏ చొక్కాకి ఏ గుండీ ఊడిందో, అది ఎవరి చొక్కానో, నెల పోయాక అడిగినా చెప్తాను. మీరు దిద్ది రెండు వారాలేగా అయింది."

"ఒక అమ్మాయి కథ అనుకుంటాను..."

"అమ్మాయి. ఊఁ."

"ఇల్లు... ఇల్లు వదిలి వెళ్తుంది."

"ఎక్కడికి?"

"అదే, దూరంగా. నీళ్ళున్న చోటికి."

"నీళ్ళంటే? నుయ్యా, చెరువా? తిన్నగా చెప్పండి మాస్టారూ."

"అయ్యో, అలాంటిది కాదు. సముద్రం. సముద్రం చూడ్డానికి వెళ్తుంది. చివర్న అంతా బాగానే ఉంటుంది, భయపడకండి."

"సముద్రమా? మా తమ్ముడి ఊరే. మామయ్య దగ్గరికి వెళ్ళింది మాస్టారూ. చిన్నప్పుడు తీసుకెళ్తే, ఆ ఒడ్డు వదిలి రానని ఒకటే ఏడుపు. నాకెందుకు తట్టలేదో. ఉండండి, ఫోన్ చెయ్యాలి."

"ఎవరికి?"

"మా ఆయనకి. నిన్నటి నుంచీ రైల్వే స్టేషన్లోనే ఉన్నారు. అది సంచి పట్టుకుని అటు వెళ్తుంటే ఎవరో చూశారట. వచ్చిన ప్రతి బండీ పెట్టె పెట్టె వెతుకుతున్నారు, అన్నం లేదు, నిద్ర లేదు... ఏవండీ, నేనే. స్టేషన్ వదిలెయ్యండి. తమ్ముడి ఊరికి వెళ్ళింది. మాస్టారు చెప్పారు, ఆయన చదివారుగా. బండొచ్చిందా? రానివ్వండి, అందులో ఉండదు. ఎదురుగా బస్టాండుకి పరిగెత్తండి, వెనకే నేనూ వస్తాను."

"అమ్మా..."

"మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను మాస్టారూ. వస్తాను."

"ఆగండమ్మా. ఆయన్ని వెళ్ళొద్దనండి. ఆ బండి చూడమనండి."

"ఎందుకు?"

"కథలో సముద్రం లేదు."

"ఇప్పుడేగా ఉందన్నారు."

"ఉందో లేదో నాకు తెలీదు. నేను చదవలేదు."

"చదవలేదంటే?"

"చదవలేదమ్మా. పేజీలు నిండితే ఆరు. చేతిరాత బాగుంటే రెండు. కొట్టివేతలు లేకపోతే ఇంకొకటి. పద్దెనిమిదేళ్ళుగా అలాగే వేస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ వచ్చి అడగలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, ముందు ఫోన్ చెయ్యండి."

"కింద ఏదో రాశారటగా, ఎర్ర సిరాతో. 'ముగింపు చాలా సహజంగా ఉంది' అని. ఇంటికొచ్చి పదిసార్లు చెప్పింది."

"తొమ్మిది వేసిన ప్రతిదానికీ అదే రాస్తాను. ఫోన్ చెయ్యండమ్మా, మీకు దండం పెడతాను."

"ఏవండీ... ఏవండీ, బస్సెక్కారా? దిగండి. దిగమంటున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. ఆ బండి... కదిలిపోయిందా? ఎన్ని పెట్టెలు చూశారు? మూడేనా. సరే. సరే, అయినా మళ్ళీ స్టేషనుకే పొండి."

"పదండి, నా స్కూటరుంది. తర్వాతి స్టేషన్లో పట్టుకోవచ్చు. ఎక్కడికంటే అక్కడికి వస్తాను. అసలు ఇంట్లో ఏం జరిగింది? ఇప్పుడైనా చెప్పండి."

"బడి మాన్పించి నూలు మిల్లుకి పంపుదామనుకున్నాం, పరీక్షలయ్యాక. దానికి చెప్పలేదు. గోడలకి చెవులుంటాయిగా, వినేసినట్టుంది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు, కంట తడి పెట్టలేదు. మీరు మార్కులిచ్చిన రోజు మాత్రం గెంతుకుంటూ వచ్చింది. 'మాస్టారు చదివారమ్మా' అంది. నేను బట్టలు మడతపెడుతూ ఊఁ కొట్టాను."

"ఇంకేమంది?"

"ఆ రోజు నుంచీ సాయంత్రమయ్యేసరికి ఇల్లు ఊడ్చి, పక్కింటివాళ్ళ కుర్చీ అడిగి తెచ్చి వేసి, గుమ్మంలో కూర్చునేది. ఎవరికే ఈ మర్యాదలు అంటే, 'మాస్టారొస్తారు, నాన్నతో మాట్లాడతారు' అనేది. బహుమతి సంగతేమో అనుకున్నాను నేను. మొన్న సాయంత్రం ఆ కుర్చీ తిరిగిచ్చేసి వచ్చింది. 'చదివి కూడా రాలేదమ్మా' అంది."