గడియారానికో వరస

గోడగడియారాల హోల్‌సేల్ షాపు. వెనక గదిలో కంప్యూటర్ ముందు బావమరిది, అతని భుజం మీదుగా తొంగిచూస్తూ షాపు నడిపే బావ. గుమ్మం ముందు సరుకెక్కిన లారీ.

"అంటే, గుమాస్తా పొద్దంతా కూర్చుని చేసే పని ఈ ఒక్క బటన్‌తో అయిపోతుందంటావ్?"

"అయిపోతుంది బావా. ఎన్ని గడియారాలని అడుగుతుంది. అంకె కొడితే ఎక్సెల్ షీటులో సరుకు కొన్న పార్టీ పేరు కింద అన్ని వరసలు తనే దూర్చేస్తుంది. గడియారానికో వరస, వరసకో వారంటీ నంబరు."

"మీ అక్క పోరు పడలేక నీకా కుర్చీ ఇచ్చాను. లారీ కదిలేలోపు ఈ వారంటీ జాబితా రాలేదో, కుర్చీ మళ్లీ గుమాస్తాదే."

"తెలుసులే. నువ్వే కొట్టు. మొదటి పార్టీకి ఎన్ని?"

"మూడు. కొట్టా... ఇదేంట్రా, మూడే వరసలొచ్చాయి!"

"మూడు కొడితే మూడు రాక ముప్పై వస్తాయా?"

"ముప్పై ఆరు రావాలి! మూడంటే మూడు డజన్లురా. ఈ వీధిలో గడియారాలు విడిగా ఎవడు లెక్కపెడతాడు?"

"ఆ సంగతి దానికెలా తెలుస్తుంది?"

"నీకూ తెలీదుగా!"

"ఇప్పుడు తెలిసిందిగా. ఉండు... ఈ బటన్ వెనక నేను రాసిన ప్రోగ్రాం, అదే మాక్రో, అందులో ఒక్క ముక్క మారుస్తా. ఏ అంకె కొట్టినా పన్నెండుతో హెచ్చవేసుకుంటుంది. పాతవి తీసేశా. ఊఁ, కొట్టు."

"మూడు... ముప్పై ఆరు! మరి కింది పార్టీ పేరేదిరా? మింగేసిందా?"

"కిందకి జరిపింది బావా. బస్సులో కొత్తవాళ్లెక్కితే జరగమంటారే, అలా."

"రెండో పార్టీకి అయిదు... అరవై! ఓరి నీ..."

"డ్రైవరు హారన్ కొడుతున్నాడు. తిట్లు తర్వాత."

"తిట్టు కాదురా, మెచ్చుకోలు. ఇదిగో, ఆఖరి పార్టీ కూడా అయిపోయింది. ప్రింటు తీసిచ్చెయ్."

"ఇచ్చేశా. అదిగో, లారీ కదిలింది. ఇక కుర్చీ నాదేగా?"

"ఆగాగు. ఈ బటన్ నొక్కడానికి చదువేమన్నా కావాలా?"

"అబ్బే. అంకెలొస్తే చాలు, ఎవరైనా నొక్కొచ్చు."

"మధ్యలో పాడవుతుందా?"

"నేను రాసింది పాడవడమా? పదేళ్లు చూసుకోనక్కర్లేదు!"

"భేష్. ఎవరైనా నొక్కొచ్చు, పదేళ్లు చూసుకోనక్కర్లేదు. మరైతే ఇక్కడ నువ్వెందుకురా?"

"హహ్హ!"

"నవ్వుతావేం?"

"ఏం లేదు బావా. పొద్దున ఇంట్లో అక్కకి ఇదంతా నేర్పుతుంటే, తనూ సరిగ్గా ఇదే ప్రశ్న వేసింది. కాకపోతే, నా గురించీ కాదు, గుమాస్తా గురించీ కాదు."