షా అననియ్యని సుంకమ్మ

సుంకమ్మని ఒకామె, కంబళ్లు నేసే మద్దిలేటి పెండ్లాం, పాలెగాడి కోటకాడికి పోయి, "దొరా, నీతో చదరంగం ఆడతా" అనిందంట. ఎందుకంటావా? వాని చేతిలో ఓడినోడు బతికినన్నాళ్లూ లాయంలో గుర్రాల లద్దె ఎత్తాల్సిందే. మద్దిలేటి పంతానికి పోయి ఆడినాడు, ఓడినాడు, లాయంలో పడినాడు. ఆమెకి ఆ ఆట మొగుడు ఇంట్లో బొగ్గుతో గడులు గీసి నేర్పిందే. "గెలిస్తే నా మొగుణ్ణి ఇడ్సిపెట్టు, ఓడితే నేనూ తట్ట పట్టుకుంటా" అనింది. "ఏమ్మే, బొంత కుట్టేదనుకున్యావా?" అని దొర నవ్వితే, "నవ్వేది తర్వాత, గడుల గుడ్డ పరిపించు దొరా" అనిందంట.

ఆ కాలం పద్ధతి ఏమంటే, సవాలు చేసినోళ్లు మొదట నాలుగెత్తులు ఒకేతూరి వేసుకోవచ్చు, నడిమి గీత మాత్రం దాటగూడదు. ఇంకోటి, షా అంటే రాజు మీదికి గురి పెట్టేది, ఆ షా ఒక్కతూరి గూడా అనిపించుకోని రాజు ఆట మొత్తానికి ఒక్కసారి గుర్రం మాదిరి దూకొచ్చు. షా తగిలిందా, ఆ దూకుడు పాయ. అందరూ ఏం చేస్తారు, నాలుగెత్తుల్లో గుర్రాల్నీ బంట్లనీ ఎగేసుకోని పోతారు. దొర సందులో దూరి షా అంటాడు, అయిపాయ. మద్దిలేటికీ అదే అయ్యింది. సుంకమ్మ నాలుగెత్తులూ రాజు చుట్టూనే వేసింది, గొర్రెలకి దడి కట్టినట్ట అనుకో.

"రాజును దాచిపెట్టి పెండ్లి చేస్తావా?" అన్నాడు దొర. దొర గుర్రాన్ని తిన్నాడు, ఒక ఏనుగును తిన్నాడు, మంత్రిని గూడా తిన్నాడు. అయినా ఆమె దడి తియ్యలే. షా అననియ్యలే. పొద్దు వాలింది. దొర తన రాజుకాడ బంట్లని ఇడ్సి, మిగతా బలగమంతా తెచ్చి దడి ముందర నిలిపి, "ఇంకొక్క ఎత్తు, నీ ఆట కట్టు. తట్ట తెచ్చుకో పో" అన్నాడు. అప్పుడు ఏమైందంటే, సుంకమ్మ తన రాజును పట్టుకోని గుర్రం మాదిరి దూకించింది! రాజు లేచేతలికి ఎనకుండే ఏనుగుకి దారి దొరికింది, దొర రాజు నేరుగా ఎదురుగా ఉన్నాడు. ఎటు పోవాల? సొంత బంట్లే అడ్డం. "షా. ఆట గూడా కట్టు దొరా" అనింది.

"రాజు దూకేదేందే?" అని అరిచినాడంట. ఎవురి రాజూ వాని ముందర అంతసేపు షా లేకుండా మిగిలింది లేదు గదా, ఆ పద్ధతినే మరిచిపోయినాడు. కొలువులో ముసలాయన, "ఉండాది దొరా, మీ తాత ఒప్పుకున్న పద్ధతే" అన్నాడు. ఇంకేం జేస్తాడు, మద్దిలేటిని ఇడ్సిపెట్టినాడు. ఇంటికి పోయే దావలో మద్దిలేటి, "నీకు నేర్పినోణ్ణి నేనే, నేనెట్ట ఓడితినే?" అంటే, "నువ్వు వాణ్ణి కొట్టాలని పోయినావు, నేను నిన్ను తెచ్చుకోవాలని పోయినా" అనిందంట.

మర్నాడు పొద్దున్నే దొర దండోరా ఏపిచ్చినాడు, ఇంకమీద ఏ రాజూ దూకగూడదని. ఇప్పుడు మీరాడే ఆటలో రాజు దూకడంటే దానికే నాయనా. ఓడిన దొర బుద్ధి మార్చుకుంటాడనుకుంటివా? ఆటనే మార్చినాడు.