కడిగి తెచ్చిన రొయ్యలు

భీమవరంలోని రొయ్యల ల్యాబులో కుర్చీ ఉన్నా ఆ రైతు కూర్చోలేదు. తను తెచ్చిన బాక్సు మూత తీస్తున్న ల్యాబు అమ్మాయి మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు.

“ఇదేంటండీ, తలలు తీసేశారు?”

“మా ఆవిడ శుభ్రంగా ఒలిచి, వీపులో నల్లదారం కూడా లాగేసిందమ్మా. చదువుకున్నోళ్ల దగ్గరికి కంపు సరుకు పంపకూడదంది.”

“అయ్యో, ఆ నల్లదారమే పేగండీ! మాకు కావాల్సింది అదే.”

“కండ పనికిరాదా?”

“రాదండి. చెరువులో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. అది పేగు గోడని ఎంత గట్టిగా పట్టుకుందో మేం కొలుస్తాం. కడిగితే పోయేదైతే భయం లేదు. ఎంత కడిగినా వదలకపోతే మాత్రం చెరువు చెరువంతా పోతుంది.”

“పొద్దుట్నించీ తేలిపోయి చస్తున్నాయమ్మా. ఏదో ఒకటి చెప్పు.”

“పేగు లేకుండా ఏం చెప్పనండీ? ఇంతకీ ఆ తలలూ, దారాలూ ఎక్కడ పారేశారు?”

“కాలవలో.”

“ఆ నీళ్లు ఎవరైనా తోడుకుంటారా?”

“దిగువన మా తమ్ముడి చెరువుంది. ఈపాటికి మోటారు వేసే ఉంటాడు.”

“వెంటనే ఫోన్ చెయ్యండి!”

“గట్టు తగాదా అయినకాణ్ణించీ మాకు మాటల్లేవమ్మా. నువ్వు చేస్తావా?”

“నేనెవరో ఆయనకేం తెలుసండీ? నమ్మరు.”

ఆయన ఫోన్ తీశాడు. నంబరు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, వేళ్లకింకా గుర్తుంది.

“ఒరేయ్ చిట్టీ, నేనేరా, అన్నయ్యని. ఫోన్ పెట్టెయ్యకు. ముందు మోటారు కట్టెయ్.”